పేదలు ఆలస్యంగా వస్తారట!

ఫిబ్రవరి 4న ప్రపంచ క్యాన్సర్ దినం. అక్టోబరులో రొమ్ము క్యాన్సర్ మాసం, చార్మినార్‌కు గులాబీ దీపాలు. సందర్భం ఏదైనా మైకు అందుకున్న పెద్దమనిషి చెప్పే మాట మాత్రం మారదు. మన దగ్గర మంచి వైద్యం ఉంది, చెయ్యి తిరిగిన సర్జన్లున్నారు, ఖర్చుకు ప్రభుత్వం కార్డు ఇచ్చింది. పేదవాళ్లే అవగాహన లేక, ఆకుమందులూ తాయెత్తులూ నమ్ముకుని, అంతా ముదిరిపోయాక వస్తున్నారు. మంత్రులు ఇదే అంటారు. కార్పొరేట్ ఆస్పత్రుల అధిపతులూ ఇదే అంటారు. మర్నాడు పత్రికలు ఇదే అచ్చువేస్తాయి. పైకి జాలిగా వినిపించే మాట కాబట్టి అడ్డు చెప్పేవాళ్లు ఉండరు.

అడ్డు చెప్పాల్సిన మాటే ఇది. ముదిరిన జబ్బుతో ఆపరేషన్ బల్ల దాకా వచ్చేవాళ్లలో పేదలే ఎక్కువన్నది నిజం. ఆ ముదరడం ఎక్కడ జరిగిందన్న దగ్గరే తిరకాసు. ఊళ్లో, ఇంట్లో, అజ్ఞానంలో జరిగిందని పెద్దమనుషులు తేల్చేశారు. మొదటి డాక్టర్ని కలిసిన రోజుకూ, అసలు చెయ్యాల్సిన ఆపరేషన్ జరిగిన రోజుకూ మధ్య ఏం జరిగిందో మాత్రం అడగరు. అడిగితే ఆలస్యంలో పెద్ద వాటా అక్కడే బయటపడుతుంది.

ముందుగా భయం సంగతి చూద్దాం. పేద ఆడవాళ్లకు ఆస్పత్రి అంటే బెరుకనీ, కత్తి అంటే హడలనీ చెబుతారు కదా. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 మంది, తెలంగాణలో 7.7 మంది. దేశంలోకెల్లా ముందు వరసలో ఉన్నవి మన రెండు రాష్ట్రాలే. ఇలా తీయించుకున్నవాళ్లలో పల్లెటూరి వాళ్లు, బడి ముఖం చూడనివాళ్లు, కూలికి పోయేవాళ్లు ఎక్కువ. దేశం మొత్తం మీద ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు జరిగింది ప్రైవేటు ఆస్పత్రుల్లో. అంటే నెలసరి ఆగడం లేదనో, తెల్లబట్ట అవుతోందనో చెప్పుకోవడానికి వీళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లారు. అప్పు చేసి బల్ల కూడా ఎక్కారు. 'ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుంది, తీయించెయ్' అన్న ఒక్క మాటకు భయపడి ఎక్కినవాళ్లూ తక్కువేం కాదు.

మరి ఆ క్యాన్సర్ ఉందో లేదో ఎవరైనా చూశారా? 2019-21 సర్వే చూస్తే, 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో జీవితంలో ఒక్కసారైనా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష జరిగినవాళ్లు దేశంలో నూటికి 1.9 మంది. రొమ్ము పరీక్ష జరిగినవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు, 0.9. గర్భసంచిని కోసి తీసేంత తీరిక మన వైద్యానికి దొరికింది గానీ, దాని ముఖద్వారానికి వెనిగర్‌లో ముంచిన దూది అద్ది ఒక్క నిమిషం చూసే తీరిక దొరకలేదు. ఇందులో అజ్ఞానం ఎవరిదో పెద్దమనుషులే చెప్పాలి.

ఇది కేవలం గణాంకాల విడ్డూరం కాదు, దీనివల్ల ప్రాణాలు పోతున్నాయి. ముఖద్వారానికి క్యాన్సర్ ఉన్న మనిషికి మామూలు గర్భసంచి ఆపరేషన్ చేస్తే సరిపోదు. 1898లోనే వియన్నాలో ఎర్నెస్ట్ వెర్ట్‌హైమ్ అనే సర్జన్ ఈ క్యాన్సర్‌కు వేరే ఆపరేషన్ కట్టాడు. గర్భసంచితో పాటు దాని చుట్టూ ఉన్న కణజాలాన్నీ, కటి భాగంలోని లింఫు గ్రంథులనూ తియ్యాలి. అదీ మూత్రనాళాలు తెగకుండా. నేర్చుకున్న చేతులు కావాలి. పరీక్ష చెయ్యకుండా మామూలు ఆపరేషన్ చేసి పంపేస్తే, లోపల మిగిలిన జబ్బు ఏడాదికో రెండేళ్లకో మళ్లీ లేస్తుంది. అప్పుడు పెద్దాస్పత్రికి వెళితే అసలు చెయ్యాల్సిన ఆపరేషన్‌కు దారులు మూసుకుపోయి ఉంటాయి. మిగిలేది కరెంటు (రేడియేషన్) పెట్టడం, కీమో. రికార్డులో మాత్రం 'ముదిరాక వచ్చిన కేసు' అని రాసుకుంటారు.

రొమ్ములో గడ్డది ఇంకో దారి. పల్నాడులో మిరప కోతలకు పోయే నలభయ్యేళ్ల మనిషిని ఊహించుకుందాం. మనిషి కల్పితమే, దారి మాత్రం ఏ క్యాన్సర్ ఆస్పత్రి ఓపీ బయట బెంచీ మీద కూర్చున్నా వినబడేదే. రొమ్ములో గోళీకాయంత గడ్డ తగిలింది. నొప్పి లేదు. ఊరి ఆర్‌ఎంపీకి చూపించింది. ఆయన వారం రోజులకు యాంటీబయాటిక్ ఇచ్చాడు, తగ్గకపోతే ఇంకో వారానికి ఇచ్చాడు. తర్వాత పట్నంలో ఒక నర్సింగ్‌హోమ్ పేరు చెప్పాడు. అక్కడ 'కొవ్వు గడ్డ, చిన్న పని' అని మత్తు సూది వేసి కోసి తీసేశారు, కుట్లు వేశారు. ఈ మనిషి నెలన్నరలో ఇద్దరు వైద్యుల్ని చూసింది, డబ్బు కట్టింది, కోయించుకుంది. అవగాహన ఇంతకంటే ఎంత ఉండాలి?

తీసిన ఆ గడ్డ ఏమైందన్నదే అసలు కథ. దాన్ని వెంటనే ఫార్మలిన్ పోసిన సీసాలో వెయ్యాలి. గడ్డ మునిగితే చాలదు, దానికి ఎన్నో రెట్లు ఫార్మలిన్ ఉండాలి. సీసా మీద పేరు, తేదీ, ఏ వైపు రొమ్ము అన్నది రాసి పాథాలజిస్టుకు పంపాలి. ఆయన దాన్ని మైనంలో పోతపోసి, ఉల్లిపొర కంటే పల్చగా కోసి, రంగు వేసి, సూక్ష్మదర్శిని కింద చూస్తాడు. ఆ మైనపు బిళ్లను బ్లాక్ అంటారు. హార్మోన్ల పరీక్షలకు, ఏ మందు పనిచేస్తుందో తేల్చడానికి ఆ బ్లాకే దిక్కు. ఫార్మలిన్ లేక సెలైన్ నీళ్లలో వేసి పంపినా, పొద్దుట కోసింది సాయంత్రం దాకా బయట ఉంచినా ముక్క పాడైపోతుంది. అసలు పంపనే పంపకపోతే, గడ్డ బకెట్‌లో పడి పోతుంది. నాలుగు నెలలకు కుట్టు పక్కనే మళ్లీ గడ్డ లేచి పెద్దాస్పత్రికి వెళితే అక్కడి డాక్టరు మొదట అడిగేది: 'స్లైడ్లు, బ్లాకులు తెచ్చావా అమ్మా?' ఆమె చేతిలో ఉన్నది మందుల చీటీ. తొలి కోత ఎంత లోతున వెళ్లిందో, అంచుల్లో జబ్బు మిగిలిందో లేదో తెలీదు. రొమ్ము నిలుపుతూ చేసే ఆపరేషన్‌కు అవకాశం ఉండేదేమో కూడా ఇప్పుడు తెలీదు. మొత్తం తీసేయాల్సిందే.

గడ్డను కొయ్యక ముందే లావుపాటి సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే ఈ తతంగం ఉండదు. దానికి థియేటర్ అక్కర్లేదు. సూదీ, దాన్ని వాడటం వచ్చిన డాక్టరూ, ముక్కను చూసే పాథాలజిస్టూ చాలు. జిల్లా ఆస్పత్రి స్థాయిలో జరగాల్సిన పని అది.

ఇక్కడే ఆ సుప్రసిద్ధమైన మూఢనమ్మకం గురించి కూడా చెప్పుకోవాలి. 'గడ్డకు కత్తి తగిలితే పాకుతుంది' అని పల్లెల్లో అంటారు. వైద్యులు నవ్వుతారు, వేదికల మీద వెక్కిరిస్తారు. కత్తి తగిలినంత మాత్రాన క్యాన్సర్ పాకదు, అది నిజమే. కానీ ఆ ఊరివాళ్లు చూసిందేమిటి? పక్కింటి మనిషి గడ్డ కోయించుకుని వచ్చింది, ఏడాది తిరిగేసరికి పోయింది. బంధువుల్లో ఇంకొకామె గర్భసంచి తీయించుకుంది, రెండేళ్లకు పోయింది. సరైన ఆపరేషన్ జరిగి పదేళ్లు బతికినవాళ్లు వాళ్ల కళ్ల ముందు లేరు. సగం ఆపరేషన్లే చూసిన మనుషులు ఆపరేషన్ మీద తీర్పు చెప్పుకున్నారు. కారణం తప్పుగా చెప్పుకున్నారు తప్ప, చూసింది తప్పుగా చూడలేదు. ఆ నమ్మకం పోవాలంటే కరపత్రాలు పంచి లాభం లేదు. బాగై తిరిగొచ్చిన మనుషులు ఊరికి ఇద్దరు ముగ్గురైనా కనిపించాలి.

'ఇవన్నీ పాత కథలు, ఇప్పుడు కార్డుంది కదా' అనేవాళ్లు ఉంటారు. ఆరోగ్యశ్రీని తక్కువ చేసి మాట్లాడితే అన్యాయం. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై, ఏడాదిన్నర లోపు ఉమ్మడి రాష్ట్రమంతా పరుచుకున్న ఆ పథకం తెల్లకార్డు మనిషిని కార్పొరేట్ ఆస్పత్రి లోపలికి తీసుకెళ్లింది. అంతకుముందు భూమో పుస్తెలో అమ్ముకుంటే తప్ప దొరకని ఆపరేషన్లు వేల మందికి జరిగాయి. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ విషయంలోనూ, కార్డున్నవాళ్లకు క్యాన్సర్ చికిత్స త్వరగా మొదలవుతోందని 2024లో లాన్సెట్ కుటుంబ పత్రిక ఒకటి ప్రచురించిన అధ్యయనం చెబుతోంది. కాదనాల్సిన పనిలేదు.

అయితే కార్డు ఎక్కడ పనిచెయ్యడం మొదలుపెడుతుందో చూడాలి. రోగికి ఫలానా ఆపరేషన్ చెయ్యాలని తేలి, ఆస్పత్రి అనుమతి కోరినప్పుడు. జబ్బు ఫలానా అని తేలడానికి పట్టే నెలలు, వాటిలో చేతి నుంచి పోయే స్కానింగులు, ముక్క పరీక్షలు, బస్సు చార్జీలు, పోగొట్టుకున్న కూలి అందులో పెద్దగా లెక్కకు రావు. ఆయుష్మాన్ భారత్ అయితే చేరడానికి ముందు 3 రోజుల ఖర్చు, ఇంటికెళ్లాక 15 రోజుల ఖర్చు లెక్కలోకి తీసుకుంటుంది. క్యాన్సర్‌ను మూడు రోజుల్లో కనిపెట్టి పదిహేను రోజుల్లో వదిలించుకునే జబ్బుగా ఊహించిన మహానుభావులెవరో!

ఈ లోపు ప్రభుత్వాలు పోటీపడి పెంచుతున్నది కార్డు పరిమితిని. 2023 డిసెంబరులో తెలంగాణ 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచింది. అదే నెలలో ఆంధ్రప్రదేశ్ 25 లక్షలు చేసింది. సంతోషమే. కార్డు మీద అంకె పెరిగినంత మాత్రాన ముఖద్వార క్యాన్సర్ ఆపరేషన్ నేర్చిన సర్జన్ ఇంకొకరు పుట్టుకురారు, ముక్క చూసే పాథాలజిస్టు జిల్లాకు బదిలీ అయి రారు. కార్డు లెక్కకు రాని కూలి విషయంలో కాస్త దారిలోకి వచ్చిన ఆలోచన 2019లో ఆంధ్రప్రదేశ్ మొదలుపెట్టిన ఆరోగ్య ఆసరా. ఆపరేషన్ తర్వాత కోలుకునే కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా ఇవ్వాలన్నది దాని పద్ధతి. పోయిన కూలి కూడా వైద్యం ఖర్చేనని ఒక ప్రభుత్వం కాగితం మీద ఒప్పుకుంది. అది కూడా ఆపరేషన్ అయ్యాకే. ఆపరేషన్ దాకా చేరేలోపు కూలి మానుకుని రోగి వెంట తిరిగిన కొడుకో కూతురో అందులో లేరు.

కార్డు ఒక్కటే చాలదని చెప్పడానికి అందరికీ ఒకే కార్డున్న రోగుల్ని చూడొచ్చు. అమెరికాలో 65 ఏళ్లు దాటినవాళ్లకు మెడికేర్ ఉంటుంది, నల్లవాళ్లకూ తెల్లవాళ్లకూ అదే. ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను తొలిదశలో కనిపెట్టిన, ఆపరేషన్‌తో నయం కాగల దాదాపు 11,000 మంది మెడికేర్ రోగుల లెక్కలు తీసి 1999లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించారు. తెల్లవాళ్లలో 76.7 శాతానికి ఆపరేషన్ జరిగింది, నల్లవాళ్లలో 64 శాతానికే. అయిదేళ్లు బతికినవాళ్లు తెల్లవాళ్లలో 34.1 శాతం, నల్లవాళ్లలో 26.4 శాతం. ఆపరేషన్ జరిగినవాళ్లను మాత్రమే విడదీసి చూస్తే బతకడంలో ఆ తేడా దాదాపు మాయమైంది. వీళ్లెవరూ ఆలస్యంగా వచ్చినవాళ్లు కారు, అందరిదీ తొలిదశే. అందరికీ కార్డుంది. అయినా బల్ల దగ్గరికి వచ్చేసరికి వరస మారిపోయింది. తర్వాత పిట్స్‌బర్గ్‌లోనూ, నార్త్ కరోలినాలోని గ్రీన్స్‌బరోలోనూ ఒక ప్రయోగం చేశారు. రోగి వాయిదాకు రాకపోతే ఆ రోజే కంప్యూటర్ చెప్పేలా ఏర్పాటు చేసి, వెంటపడి కనుక్కోవడానికి ఒక నర్సును పెట్టారు. ఎవరికి ఎంత వైద్యం పూర్తవుతోందో డాక్టర్లకు అంకెల్లో చూపించారు. వైద్యం పూర్తిచేసిన నల్లవాళ్లు దాదాపు 80 శాతం నుంచి 88కి పెరిగారు, తెల్లవాళ్లు 87 నుంచి 89కి పైగా. రోగులకు ఎవరూ కొత్తగా జ్ఞానబోధ చెయ్యలేదు. మారింది ఆస్పత్రి.

అసలు నిపుణుల ఆపరేషన్ అంటే ఏమిటో, దానికి ఏం కావాలో తెలిస్తే ఈ వాదన ఇంకా తేటపడుతుంది. ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ అలవాటు ఉంది. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లోకి పెట్టుకుని పీలుస్తారు. మత్స్యకార పల్లెల్లో, కూలి కుటుంబాల్లో ఆడవాళ్లకే ఈ అలవాటు ఎక్కువ. ఆ వేడికీ పొగకూ అంగిలి మీద పుండు లేస్తుంది, అది క్యాన్సర్ అవుతుంది. ప్రపంచంలో అంగిలి క్యాన్సర్ అరుదు. మన తీరంలో కాదు. ఇది ఎవరికీ తెలీని సంగతేమీ కాదు. పిండ్‌బోర్గ్ అనే డేనిష్ శాస్త్రవేత్త, మన పరిశోధకులు కలిసి ఈ ప్రాంతంలో 10,169 మంది పల్లెవాసుల నోళ్లు పరీక్షించి 1971లోనే అంతర్జాతీయ పత్రికలో రాశారు. అవగాహన విషయానికొస్తే, వైద్య ప్రపంచానికి యాభై ఏళ్లకు పైగానే ఉంది. ఆ నోళ్లు చూసిన కళ్లు వెళ్లిపోయాయి. వాటికి ఆపరేషన్ చేసే చేతులు రావడానికి ఎంత కాలం పట్టిందో చూడండి: టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి విశాఖ అగనంపూడికి వచ్చింది 2014 తర్వాతే.

ఆ ఆపరేషన్‌లో అంగిలితో పాటు పై దవడలో కొంత భాగం తీసెయ్యాలి. అప్పుడు నోటికీ ముక్కుకూ మధ్య గోడ పోయి పెద్ద కన్నం మిగులుతుంది. మంచినీళ్లు తాగితే ముక్కులోంచి వస్తాయి. మాట ఎవరికీ అర్థం కాదు. అందుకని ఆపరేషన్‌కు ముందే పళ్ల సెట్లు కట్టే దంత నిపుణుడు నోటి అచ్చు తీసి ఒక పలక తయారు చెయ్యాలి. సర్జన్ జబ్బు తీసిన వెంటనే, బల్ల మీదే ఆ పలకను అమరుస్తారు. అది ఉంటే ఆ మనిషి కొన్నాళ్లకే మెత్తని అన్నం తినగలదు, పిల్లల్ని పేరు పెట్టి పిలవగలదు. గాయం మానుతున్న కొద్దీ నోటి ఆకారం మారుతుంది, పలక వదులవుతుంది, మళ్లీ సరిచెయ్యాలి. కరెంటు పెడితే ఇంకోసారి. చివరికి శాశ్వత పలక. ఈ ఒక్క మనిషికి క్యాన్సర్ సర్జన్, ఇరుకైన నోట్లోంచి గొట్టం వెయ్యగల మత్తు డాక్టరు, పాథాలజిస్టు, రేడియేషన్ డాక్టరు, దంత నిపుణుడు అందరూ కావాలి. ఇచ్ఛాపురం నుంచి విశాఖకు రెండు వందల కిలోమీటర్ల పైన. కరెంటు పెట్టించుకోవాలంటే శని ఆదివారాలు పోను రోజూ, అయిదారు వారాలు. చేపలమ్ముకుని బతికే మనిషి ఇన్ని వారాలు ఎక్కడ పడుకుంటుంది, ఏం తింటుంది, తోడు ఎవరుంటారు? మూడో వారంలో ఇంటికెళ్లిపోతే ఆస్పత్రి పుస్తకంలో ఆమె పేరు పక్కన పడే మాట 'డిఫాల్టర్'. బ్యాంకు అప్పు ఎగ్గొట్టినవాళ్లకు వాడే మాటే ఇదీ.

ఇవన్నీ అడిగితే వచ్చే జవాబు, పేదవాళ్ల తీరే అంత, ఎంత చేసినా మధ్యలో మానేస్తారు అని. దీనికి జవాబు దక్షిణ అస్సాంలో ఉంది.

సిల్చార్ ఊరు బరాక్ లోయలో ఉంది. గౌహతికి కొండ దారిన మూడు వందల కిలోమీటర్ల పైమాట. చుట్టూ టీ తోటలు. పనివాళ్లు ఒకప్పుడు దేశంలోని కరువు ప్రాంతాల నుంచి ఓడల్లో, రైళ్లలో తరలించిన కూలీల వారసులు. అస్సాం తోటలకు అలా వెళ్లినవాళ్లలో ఉత్తరాంధ్ర, గంజాం వైపు తెలుగువాళ్లూ ఉన్నారు. అక్కడి పౌరులు చందాలు పోగుచేసుకుని 1996లో కఛార్ క్యాన్సర్ ఆస్పత్రి పెట్టుకున్నారు. 2007లో చెన్నై అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో క్యాన్సర్ సర్జరీ విభాగం చూసే డాక్టర్ రవి కన్నన్ కుటుంబంతో సహా అక్కడికి వెళ్లిపోయాడు. అప్పుడు ఆస్పత్రి సిబ్బంది 23 మంది. మొదలుపెట్టిన వైద్యాన్ని పూర్తిచేసే రోగులు నూటికి 28 మంది. మిగతా 72 మందీ మానేసేవాళ్లే. పెద్దమనుషుల సిద్ధాంతం నిజమైతే కన్నన్ చెయ్యాల్సింది తోటల్లో మైకు పెట్టి అవగాహన కల్పించడం.

ఆయన చేసింది వేరు. ఎందుకు రావడం లేదో రోగుల్ని అడిగించాడు. డబ్బు లేదన్నారు, వైద్యం ఉచితం చేశారు. అయినా రాలేదు. ఉండటానికి చోటు లేదన్నారు, బస ఏర్పాటు చేశారు. తిండి పెట్టారు. అయినా కొందరు రాలేదు, రోగి వెంట వచ్చిన మనిషికి ఆ రోజు కూలి పోతుంది కదా. అప్పుడు తోడొచ్చినవాళ్లకు ఆస్పత్రిలోనే రోజువారీ పని ఇప్పించి కూలి ఇచ్చారు. వాయిదా తప్పినవాళ్ల కోసం వెతుక్కుంటూ వెళ్లారు. రాలేని స్థితిలో ఉన్నవాళ్ల ఇళ్లకు బృందాలు వెళ్లి నొప్పి మందులిచ్చి, ఇంట్లోవాళ్లకు సంరక్షణ నేర్పాయి. వైద్యం పూర్తిచేసేవాళ్లు నూటికి 28 నుంచి 70కి పెరిగారు. సిబ్బంది 450 దాటింది. ఇప్పుడు ఏటా వచ్చే కొత్త రోగులు 5,000 మంది దాకా. కన్నన్‌కు 2020లో పద్మశ్రీ, 2023లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చాయి. పురస్కారాలు ఒక పక్కన పెట్టినా, ఆ 28కీ 70కీ మధ్య మారిందేమిటో చూడాలి. లోయ అదే, తోటలవే, నిరక్షరాస్యత అదే, బహుశా నమ్మకాలూ అవే. తేడా అంతా ఆస్పత్రి తన పని ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందనుకుందో అక్కడ ఉంది.

అవగాహన దండగ అని దీని అర్థం కాదు. మహారాష్ట్రలో సోలాపూర్ జిల్లా బార్షి దీనికి సాక్ష్యం. 1980లలో అక్కడ గ్రామీణ క్యాన్సర్ రిజిస్ట్రీ పెట్టి, ఊరూరా తిరిగి లక్షణాలు చెప్పి, ఆడవాళ్లను పరీక్షలకు రమ్మన్నారు. ముఖద్వార క్యాన్సర్ తొలిదశలోనే వచ్చేవాళ్లు పెరిగారని 1995లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. అవగాహన వాదులు ఈ ఉదాహరణ చెప్పడానికి ఇష్టపడతారు, చెప్పాల్సిందే. దాంతోపాటు బార్షిలోనే నర్గీస్ దత్ క్యాన్సర్ ఆస్పత్రి ఉందన్న సంగతి కూడా చెప్పాలి. లక్షణం చెప్పిన కార్యకర్తే రోగిని అక్కడికి వెళ్లమనేవాడు. వెళ్లడానికి తలుపు దగ్గర్లో తెరిచి ఉంది కాబట్టి మాట పనిచేసింది. పాడేరు కొండల మీద డోలీలో మోసుకొస్తే తప్ప ప్రసవానికే రోడ్డు అందని చోట గులాబీ రిబ్బన్ పంచితే రిబ్బనే మిగులుతుంది.

ఇంకో వాదన వైద్యుల నుంచి వస్తుంది, దాన్ని కొట్టిపారేయడం కష్టం. కష్టమైన ఆపరేషన్లు ఊరూరా చేస్తే మనుషులు చస్తారు, పెద్ద కేంద్రాల్లోనే చెయ్యాలి అంటారు. క్లోమానికి చేసే ఆపరేషన్ అరుదుగా చేసే ఆస్పత్రుల్లో చనిపోయేవాళ్లు నూటికి 16 మందికి పైగా, తరచుగా చేసేచోట 4 లోపు అని 2002లో అమెరికా లెక్కలు తేల్చాయి. నిజం. అయితే దీన్నుంచి హైదరాబాద్, విశాఖ, తిరుపతి చాలునని తేల్చడం పొరపాటు. కత్తి ఒక్కచోట ఉండొచ్చు; ముక్క పరీక్ష, కీమో, కుట్లు విప్పడం, పలక సరిచెయ్యడం, ఆర్నెల్లకోసారి చూడటం అన్నీ అక్కడే ఉండాలన్న రూలేం లేదు. అస్సాం ప్రభుత్వం, టాటా ట్రస్టులు కలిసి మూడు అంచెల్లో పదిహేడు క్యాన్సర్ ఆస్పత్రులు తలపెట్టి, 2022 ఏప్రిల్‌లో ఏడింటిని ఒకేరోజు తెరిచాయి. పెద్ద ఆపరేషన్లు పై అంచెలో, మిగతావి ఇంటికి దగ్గర్లో. మన దగ్గర హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో 1955 నుంచి నడుస్తున్న ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రే తెలంగాణ పేదల బరువులో చాలా మటుకు మోస్తోంది. ఆదిలాబాద్ గోండు మనిషి కుట్లు విప్పించుకోవడానికి కూడా మూడు వందల కిలోమీటర్లు దిగి రెడ్‌హిల్స్‌కు రావడంలో వైద్యశాస్త్రం ఏమీ లేదు.

2015లో లాన్సెట్ ఆంకాలజీ కమిషన్ ప్రపంచం మొత్తం లెక్కగట్టింది. క్యాన్సర్ రోగుల్లో నూటికి 80 మందికి పైగా ఏదో ఒక దశలో సర్జరీ అవసరం. మధ్యాదాయ దేశాల్లో కనీసపు క్యాన్సర్ సర్జరీ అయినా అందేది అయిదుగురిలో ఒకరికి. మన దేశంలో ఏటా 14 లక్షల కొత్త క్యాన్సర్లు, 9 లక్షల చావులు. మిగతా నలుగురూ తాయెత్తులు కట్టించుకునే వాళ్లేనని నమ్మాలంటే చాలా పెద్ద మూఢనమ్మకమే కావాలి.

చెయ్యదగ్గ పని ఒకటుంది, అది కొత్తదీ కాదు. ఆరోగ్యశ్రీ మొదలైన రోజుల్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కూడా ఆరోగ్యమిత్రలు ఉండేవారు. ఇప్పుడు జనానికి ఆరోగ్యమిత్ర అంటే పెద్దాస్పత్రి కౌంటర్ వెనక కూర్చుని కాగితాలు చూసే మనిషి. గడ్డ ఉందని ఏఎన్‌ఎం రాసిన రోజు నుంచి ఆపరేషన్ జరిగి, కరెంటు పూర్తయి, తొలి ఏడాది పరీక్షలు ముగిసే దాకా ఒక్కొక్క రోగి పేరునూ మోసే మనిషి మండలానికి ఒకరు కావాలి. ముక్క పరీక్షకు వెళ్లిందా, రిపోర్టు వచ్చిందా, అనుమతి వచ్చిందా, తేదీ ఇచ్చారా, మంగళవారం ఎందుకు రాలేదు అని ఫోన్ చేసి అడిగేందుకు, బస్సు చార్జీ అక్కడికక్కడ ఇచ్చేందుకు అధికారం ఉండాలి. తేదీలన్నీ ఆరోగ్యశ్రీ ట్రస్టు కంప్యూటర్లలో పడుతూనే ఉంటాయి. ముక్క పరీక్ష నుంచి ఆపరేషన్ దాకా ఎన్ని రోజులు పట్టిందో జిల్లాల వారీగా, ఎస్సీ ఎస్టీలకు విడిగా, మూడు నెలలకోసారి బయటపెట్టాలి. దీనికి శంకుస్థాపన అక్కర్లేదు, ప్రారంభోత్సవానికి రిబ్బన్ కూడా ఉండదు. ఇన్నాళ్లూ ఎవరూ పట్టించుకోకపోవడానికి అదే కారణమేమో.